షుగర్ బియ్యం పుట్టుపూర్వోత్తరాలు

హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా బియ్యం కొట్టుకు వెళితే సోనామసూరి, హెచ్.ఎం.టి. బస్తాల పక్కనే ఇప్పుడు ‘షుగర్ బియ్యం’ బస్తా కూడా కనిపిస్తోంది. కొట్టువాడు దాన్ని ఆర్.ఎన్.ఆర్. అంటాడు. అసలు పేరు తెలంగాణ సోనా, నంబరు ఆర్.ఎన్.ఆర్. 15048. రాజేంద్రనగర్ వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎం.టి.యు. 1010, జె.జి.ఎల్. 3855 అనే రెండు రకాలను సంకరపరిచి తయారుచేసి 2015లో విడుదల చేశారు. వాళ్లు వెతికింది రైతుకు పనికొచ్చే గుణాల కోసం: నాలుగు నెలల్లో చేతికొచ్చే పంట, అగ్గితెగులుకు తట్టుకోవడం, సన్నగింజ. తరువాత జాతీయ పోషకాహార సంస్థ పరీక్షిస్తే దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే రక్తంలో చక్కెరను పెంచే తీరుకు కొలత, 52కు కాస్త అటూ ఇటూగా తేలింది. 55 లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. అంతకుముందు సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఎండాకు తెగులును తట్టుకునేలా మార్చి 2008లో విడుదల చేసిన మెరుగైన సాంబా మసూరిదీ ఇదే కథ. పెంచింది తెగులు కోసం, పేరొచ్చింది షుగరు పేషెంట్ల దగ్గర. రెండూ మంచి వంగడాలే. పేచీ వాటితో కాదు, బస్తా మీది మాటతో. ఏ బియ్యం కొన్నామన్న ప్రశ్నతోనే షుగరు సంగతి తేలిపోతుందని ఆ మాట మనల్ని నమ్మిస్తోంది. బియ్యానికీ జబ్బుకూ ఉన్న సంబంధం మన ప్రాంతంలో ఎలా నడిచిందో చూస్తే ఆ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది, ఎందుకు చాలదో కూడా తెలుస్తుంది.

ఆ పరీక్ష చేసిన సంస్థ పుట్టుకే బియ్యంతో ముడిపడి ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1958లో హైదరాబాద్ వచ్చింది. దాని పుట్టిల్లు నీలగిరుల్లోని కూనూరు. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అక్కడ ఒక చిన్న గదిలో బెరిబెరి జబ్బు మీద విచారణ మొదలుపెట్టారు. కాళ్లు చచ్చుబడి, గుండె దెబ్బతిని మనుషులను తీసుకుపోయిన జబ్బు అది. మరపట్టిన తెల్లబియ్యం తిన్న కోళ్లకు అలాంటి జబ్బే వస్తోందని జావాలో ఐక్‌మన్ అంతకుముందే గమనించి ఉన్నాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో బెరిబెరికి పేరుపడ్డ ప్రాంతం మన ఉత్తర సర్కారు జిల్లాలు. మెక్‌కారిసన్ తరువాత కూనూరుకు వచ్చిన ఆక్రాయిడ్ 1930లలో దీని మూలం వెతికాడు. ఉప్పుడు బియ్యం తినేచోట బెరిబెరి పెద్దగా లేదు. పచ్చి వడ్లను మరపట్టించి తెల్లగా తినే సర్కారు జిల్లాల్లోనే ఉంది. వడ్లను ఉడకబెట్టి ఆరబెడితే తవుడులోని బి1 విటమిన్ గింజలోకి ఇంకుతుంది, తరువాత మర దాన్ని పూర్తిగా ఊడ్చుకుపోలేదు. ఆ రోజుల్లోనే, 1934లో మొదలైన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ద్వారా గాంధీజీ దంపుడు బియ్యం తినమని ఊరూరా చెప్పించారు. బెరిబెరి విషయంలో లోపం గింజలోనే ఉంది, మందు కూడా గింజలోనే దొరికింది. జబ్బు వస్తే బియ్యం రకాన్ని శంకించాలన్న ఆలోచన ఆ విజయంతో బలపడింది. అదే కొలబద్దను ఇప్పుడు షుగరుకూ పెడుతున్నాం.

షుగరు తీరు వేరు. ఇది ఏదో ఒకటి లోపించి వచ్చే జబ్బు కాదు. చరకుడు ప్రమేహానికి చెప్పిన కారణాల జాబితాలో కూర్చుని సుఖపడటం, నిద్రాసుఖం ముందుంటాయి. పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు వంటకాలు తరువాత వస్తాయి. పథ్యంలో ఆయన యవలకు పెద్దపీట వేశాడు. అయినా అన్నాన్ని కొట్టిపారేయలేదు, పాతబియ్యపు అన్నాన్ని పెసరకట్టుతోనూ చేదుకూరలతోనూ తినమన్నాడు. ప్రాచీనులకు అన్నీ తెలుసని వాదించడానికి ఇది చెప్పడం లేదు. ఆ వాదనలు మనకు కొదవలేదు. గమనించాల్సింది ఒక్కటే: ఆ పథ్యంలో అన్నం ఒంటరిగా లేదు, పప్పుతో, కూరతో, ఒంటి కదలికతో కలిపి లెక్కకు వచ్చింది.

మన కంచంలోకి ఇంత అన్నం ఎప్పుడొచ్చింది? డెల్టాలో ముందొచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో. తెలంగాణలోనూ రాయలసీమలోనూ జొన్నరొట్టె, సజ్జరొట్టె, రాగిసంగటి రోజువారీ తిండిగా చాలాకాలం నిలిచాయి, వరన్నం పండగనాటి మాట. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన ఐ.ఆర్.8 రకాన్ని 1967లో ఆచంటలో నెక్కంటి సుబ్బారావు పండించి చూపించాక దిగుబడుల లెక్కే మారిపోయింది. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చింది. జొన్న తినే ఇంట్లో కూడా రోజూ రెండుపూటలా అన్నం ఉడికే రోజులు అప్పుడు గట్టిపడ్డాయి. 1986లో బాపట్ల నుంచి బి.పి.టి. 5204, అంటే సాంబా మసూరి, వచ్చి సన్నన్నం రుచి మప్పింది. ఆ రుచి ఎంత గట్టిదంటే, అమెరికాలో తెలుగువాళ్లున్న ఊళ్లో ఇండియన్ స్టోరుకు వెళితే ముందు కనబడేది సోనామసూరి బస్తాలే. తెలంగాణలో 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా ఇస్తున్నారు. ఆకలి తీర్చిన చరిత్ర ఇది, దీన్ని తప్పుపట్టేవాడు ఆకలి ఎరగనివాడు. కాకపోతే అన్నం పెరుగుతున్న ఆ దశాబ్దాల్లోనే నాగలి ట్రాక్టరైంది, సైకిలు మోటారుసైకిలైంది, రోలూ రోకలీ మూలపడ్డాయి. కండ ఖర్చు చేసే పిండిపదార్థం తగ్గింది, కంచంలోకి వచ్చేది తగ్గలేదు.

ఇక షుగర్ బియ్యానికి పేరు తెచ్చిన అంకె సంగతి. గ్లైసీమిక్ ఇండెక్స్‌ను 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించింది. కొలిచే పద్ధతి ఇది. 50 గ్రాముల పిండిపదార్థం ఉండేంత ఆహారాన్ని, సాధారణంగా ఆరోగ్యంగా ఉన్న పదిమంది దాకా మనుషులకు పరగడుపున పెడతారు, రెండు గంటలపాటు రక్తంలో చక్కెర ఎలా పెరిగిందో చూస్తారు, నేరుగా గ్లూకోజు తాగితే వచ్చే పెరుగుదలను 100 అనుకుని దానితో పోలుస్తారు. అన్ని ఆహారాలకూ ఒకే మోతాదులో పిండిపదార్థం పెట్టి కొలిచారు కాబట్టి మోతాదు మాట ఆ అంకెలో ఉండనే ఉండదు. మనం రెండోసారి వడ్డించుకున్నామో మూడోసారి వడ్డించుకున్నామో దానికి తెలియదు.

అలాగని రకాల మధ్య తేడా బూటకమేమీ కాదు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలతో కలిసి 235 రకాలను పరిశీలించి 2012లో వెల్లడించిన లెక్కల్లో ఈ అంకె 48 నుంచి 92 దాకా ఉంది. తేడాకు ముఖ్యకారణం అమైలోజ్. ఇది గింజలోని పిండిలో కొమ్మలు లేకుండా సాగే పోగు, ఎక్కువుంటే అన్నం పొడిపొడిగా వస్తుంది, జీర్ణం కావడం నెమ్మదిస్తుంది. అన్నం జిగురుగా అతుక్కునే రకాల్లో అది తక్కువ, వాటి అంకె ఎక్కువ. ఆ పరిశీలనలో తక్కువ అంకెతో నిలిచిన వాటిలో ఒకటి స్వర్ణ. మన పశ్చిమ గోదావరి మార్టేరులో పుట్టి 1982లో బయటికొచ్చిన ఎం.టి.యు. 7029 ఇదే. బెంగాల్ దాకా వెళ్లి కోట్లమంది కడుపు నింపింది. మన మధ్యతరగతి మాత్రం దాన్ని దొడ్డుబియ్యమని పక్కనపెట్టి, ముప్పై ఏళ్ల తరువాత అదే గుణమున్న సన్నబియ్యాన్ని షుగరు పేరుతో కొంటోంది.

ఇప్పుడు కంచం దగ్గర లెక్క చూద్దాం. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం దాదాపు 78 గ్రాములు. షుగర్ బియ్యమే కదా అని ఒక పూటకు 150 గ్రాములు వండుకున్నవారికి అందేది 117 గ్రాములు. గ్లైసీమిక్ ఇండెక్స్ 52తో గుణించి వందతో భాగిస్తే వచ్చే భారం 61. ఇంకొకరు 72 అంకె ఉన్న మామూలు బియ్యాన్ని 75 గ్రాములే వండుకున్నారు. వారికి అందిన పిండి 58 గ్రాములు, భారం 42. రకం చెడ్డదైనా కొలత తగ్గినవారే నయం. గ్లైసీమిక్ లోడ్ అనే ఈ లెక్కను హార్వర్డ్ పరిశోధకులు 1997లోనే ముందుకు తెచ్చారు, బస్తా మీద మాత్రం ఎవరూ అచ్చువేయరు. 21 దేశాల్లో 1 లక్షా 32 వేలమందిని ఏళ్లపాటు గమనించి 2020లో వెలువరించిన ప్యూర్ అధ్యయనం కూడా కొలత వైపే వేలు చూపింది. రోజుకు 450 గ్రాములకు పైగా తెల్లన్నం తినేవారికి, 150 గ్రాముల లోపు తినేవారికంటే షుగరు వచ్చే అవకాశం 20 శాతం ఎక్కువ, దక్షిణాసియాలో అయితే 61 శాతం ఎక్కువ. 450 గ్రాముల అన్నమంటే సుమారు 150 గ్రాముల బియ్యం. మనలో చాలామందికి అది ఒక పూటకే సరి.

వండే పద్ధతి మీద కూడా ఆశలు పెంచుతున్నారు. గంజి వారిస్తే షుగరు పోతుందంటారు. అత్తెసరుకంటే, కుక్కర్‌కంటే వార్చిన అన్నంలో పైపై పిండి కొంత తగ్గేది నిజమే, అసలు పిండి గింజలోనే ఉంటుంది. ఆ గంజితో పాటు కాస్తో కూస్తో మిగిలిన బి విటమిన్లూ పోతాయి. చద్దన్నం మాట ఇంకాస్త బలమైనది. వండిన అన్నం చల్లారినప్పుడు పిండిలో కొంత భాగం అరగని రూపంలోకి గట్టిపడుతుంది. ఇండోనేషియాలో 2015లో కొలిస్తే అలాంటి పిండి 100 గ్రాముల వేడన్నంలో 0.64 గ్రాములు, ఒకరోజు ఫ్రిజ్‌లో ఉంచి మళ్లీ వేడిచేసిన దానిలో 1.65 గ్రాములు ఉంది. ఆ అన్నం తిన్న ఆరోగ్యవంతులకు చక్కెర కొంత తక్కువగానే పెరిగింది. కానీ 100 గ్రాముల అన్నంలో మొత్తం పిండి 28 గ్రాముల దాకా ఉంటే మారింది ఒక్క గ్రాము. దాని భరోసాతో ఇంకో గరిటె వేసుకుంటే లాభం పోయి నష్టం మిగులుతుంది. మన ఎండల్లో అన్నాన్ని రాత్రంతా బయట వదిలేస్తే విషం పుట్టించే సూక్ష్మజీవుల భయం వేరే ఉంది, చల్లార్చదలిస్తే వేడి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. ముడిబియ్యానికి ఇంతకంటే మంచి సాక్ష్యముంది. చెన్నై పరిశోధకులు తెల్లన్నానికి బదులు ముడిబియ్యపు అన్నం పెట్టి చూస్తే రోజంతటి చక్కెర పెరుగుదల ఐదోవంతు తగ్గింది. ఉప్పుడు బియ్యమూ పచ్చిబియ్యంకంటే నయమే. తెలంగాణలో యాసంగి వడ్లు ఎండకు పగిలి నూకవుతాయని మిల్లులు లక్షల టన్నులు ఉప్పుడు బియ్యంగా మార్చి బయటి రాష్ట్రాలకు పంపుతాయి, ఇక్కడ మాత్రం వాసన బాగోదని ఎవరూ ముట్టరు. వాసనే అడ్డమైతే ఆ రెంటిలో ముడిబియ్యానికి అలవాటుపడటం తేలిక.

మా తాతలు గంపెడన్నం తిన్నారు, వాళ్లకు లేని షుగరు మాకెందుకని అడిగేవారున్నారు. తాతలు తిన్నది ఎక్కువగా దంపుడు బియ్యం, తిన్నాక పోయింది పొలానికి. షుగరు ఉన్నా రక్తపరీక్ష చేసినవాళ్లు లేరన్నది కూడా మరిచిపోకూడదు. చైనావాళ్లూ అన్నమే తింటారు కదా అన్నది ఇంకా పదునైన ప్రశ్న. ప్యూర్ అధ్యయనంలో చైనాలో తెల్లన్నానికీ షుగరుకూ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. అంటే గింజలో విషం లేదు. పక్కన ఏముంది, తిన్నాక ఒళ్లు ఏం చేస్తోంది అన్నవాటిని బట్టి ఒకే గింజ రెండు చోట్ల రెండు రకాలుగా ప్రవర్తిస్తోందన్నమాట. ఇది బస్తా మీది మాటకు గొడ్డలిపెట్టు. మూడో మాట, అన్నం మానేసి చపాతీలకో చిరుధాన్యాలకో మారిపోదామని. భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్త సర్వే ఆధారంగా 2025లో వచ్చిన విశ్లేషణ దీనికి జవాబిచ్చింది. మన తిండిలో 62 శాతం శక్తి పిండిపదార్థాల నుంచే వస్తోంది. మొత్తం తగ్గించకుండా బియ్యం స్థానంలో గోధుమనో చిరుధాన్యాన్నో పెడితే ముప్పు తగ్గిన జాడ లేదు. కొంత పిండిని తీసి దాని చోట పప్పో, పాలో, గుడ్డో పెడితే తగ్గుతోంది. నాలుగు చపాతీలు తిని అన్నం మానేశాననుకోవడం ఆత్మవంచన.

చిక్కంతా మన భోజనం కట్టుబాటులో ఉంది. పప్పులో అన్నం, కూరలో అన్నం, పులుసులో అన్నం, చివర పెరుగన్నం. ప్రతి వాయికీ అన్నమే ఆధారం, మిగతావన్నీ దాన్ని దిగమింగడానికి సాయం. నాలుగు రుచులు చూడాలంటే నాలుగుసార్లు అన్నం పెట్టుకోవాల్సిందే. ఈ తలకిందుల లెక్కను సరిచేస్తే బియ్యం రకం గొడవ సగం తీరుతుంది. ముందు కూర, పప్పు కప్పులో వేసుకుని తినాలి. తరువాత కొలిచి పెట్టుకున్న అన్నాన్ని రెండు వాయిలకే సర్దుకోవాలి. పెరుగును మజ్జిగ చేసుకుని తాగితే మరో వాయి మిగులుతుంది. పాతబియ్యానికి ఒదుగు ఎక్కువ, తక్కువ గింజతోనే కంచం నిండుగా కనిపిస్తుంది. ఇక్కడ ఒక అభ్యంతరానికి మాత్రం నా దగ్గర సులువైన జవాబు లేదు. రేషన్ బియ్యం ఉచితం, కందిపప్పు కొనాలి, కూరగాయలు కొనాలి. కూలిపనిచేసే ఇంట్లో అన్నం తగ్గించమంటే ఆకలి పెంచమన్నట్టే. 2023లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్లు దాటారు, వారంతా బస్తా రకం ఎంచుకునే స్తోమత ఉన్నవారు కారు. ప్రభుత్వాలు సన్నబియ్యం ఇస్తున్న చేత్తోనే పప్పు కూడా నెలనెలా ఇస్తే ఏ వంగడమూ చేయలేని మేలు జరుగుతుంది.

ఏ బియ్యం కొన్నా సరే, గ్లూకోమీటరుతో తినబోయే ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూసుకోండి. మీ ఇంటి కొలత, మీ వంట, మీ ఒళ్లు కలిసి చెప్పే ఆ అంకె బస్తా మీది 52కంటే నమ్మదగ్గది. ఇన్సులిన్ తీసుకునేవారు, చక్కెరను గట్టిగా దించే గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు మాత్రం అన్నం ఒక్కసారిగా తగ్గించకండి. మందు మోతాదు అలాగే ఉండి అన్నం సగమైతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ముందు డాక్టరుకు చెప్పి, మోతాదు సరిచేయించుకుని, ఆ తరువాతే కొలత మార్చండి.