కారులో పుట్టి, పడవెక్కిన రెగ్యులేటర్

లంగరు వేసిన తెరచాప పడవలో ఫ్రిజ్, లైట్లు, రేడియో రాత్రంతా బ్యాటరీ మీదే నడుస్తాయి. తెల్లారేసరికి వంద ఆంపియర్-అవర్లు ఖర్చయినా ఆశ్చర్యం లేదు. కారు సంగతి వేరు. సెల్ఫ్ కొట్టినప్పుడు 200 ఆంపియర్లు రెండు సెకన్లపాటు లాగినా, అయ్యే ఖర్చు ఒక ఆంపియర్-అవర్‌లో తొమ్మిదో వంతే. పడవ ఛార్జింగ్ కథంతా ఈ తేడాలోంచే పుట్టింది.

1912లో చార్లెస్ కెటరింగ్ సెల్ఫ్ స్టార్టర్ కాడిలాక్ కార్లలోకి వచ్చాక బ్యాటరీకీ, దాన్ని నింపే డైనమోకీ కారులో శాశ్వత స్థానం దొరికింది. అయితే ఇంజను జోరందుకుంటే డైనమో వోల్టేజీ కూడా పైకి పోతుంది. దాన్ని పట్టి ఉంచడానికి వచ్చిందే పాయింట్ల రెగ్యులేటర్: చిన్న డబ్బాలో ఒక స్ప్రింగు, ఒక విద్యుదయస్కాంతం, రెండు కాంటాక్టు పాయింట్లు. వోల్టేజీ హద్దు దాటగానే అయస్కాంతం పాయింట్లను విడదీస్తుంది, డైనమోలో అయస్కాంత క్షేత్రాన్ని పుట్టించే ఫీల్డు కాయిల్‌కు కరెంటు తగ్గుతుంది. వోల్టేజీ పడగానే స్ప్రింగు మళ్లీ కలుపుతుంది. ఈ తంతు సెకనుకు ఎన్నోసార్లు. ఆ స్ప్రింగు బిగువు సవరించడమే అప్పటి సెట్టింగు.

ఏసీని డీసీగా మార్చే సిలికాన్ డయోడ్లు చవకయ్యాక, 1960 మోడల్ వేలియంట్‌తో క్రైస్లర్ కంపెనీ డైనమో స్థానంలో ఆల్టర్నేటర్‌ను మామూలు కార్లలోకి తెచ్చింది. రెగ్యులేటర్ క్రమంగా ట్రాన్సిస్టర్ల మయమై, ఆల్టర్నేటర్ లోపలికే చేరిపోయింది. పడవ ఇంజన్లకూ అవే బిగించారు, సుమారు 14 వోల్టుల దగ్గర ఖాయం చేసిన ఒకే అమరికతో. సగం ఖాళీ అయిన బ్యాటరీ ఆ వోల్టేజీతో పూర్తిగా నిండాలంటే గంటల తరబడి ఇంజను నడవాలి. తెరచాపవాళ్లు అంతసేపు నడపరు కదా! అర్ధాకలితో మిగిలిన సీసం ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి బ్యాటరీ పాడయ్యేది.

కొందరు నావికులు ఫీల్డు వైరులో రియోస్టాట్ పెట్టి, అమ్మీటరు చూస్తూ చేత్తోనే కరెంటు పెంచుకునేవారు. ఏమరిస్తే బ్యాటరీ ఉడికిపోయేది.

ఆ చేతిపనిని దశలుగా చేసేదే బయట బిగించే రెగ్యులేటర్. ముందు పూర్తి కరెంటు, తర్వాత 14.4 వోల్టుల దాపున కొంతసేపు నిలకడ, చివరికి 13.5 దగ్గర విశ్రాంతి. అమెరికాలోని బాల్మార్ కంపెనీ ఎంసీ-614లో మీటలుండవు. మొనకు అయస్కాంతమున్న చిన్న స్క్రూడ్రైవరును పైన గుర్తు పెట్టిన చోట ఆనిస్తే సెట్టింగులు మారతాయి. బ్యాటరీ రకం ఎంచుకోవడం ఎంత ముఖ్యమో, వోల్టేజీ కొలిచే సెన్స్ వైరును బ్యాటరీ టెర్మినల్ దగ్గరే కట్టడమూ అంతే ముఖ్యం. దారిలో కేబుల్ 0.4 వోల్టు మింగితే, ఆల్టర్నేటర్ దగ్గర 14.4 కనిపించినా బ్యాటరీకి అందేది 14 మాత్రమే.

1997లో జాన్ గుడ్ఇనఫ్ బృందం వెల్లడించిన లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌తో చేసిన బ్యాటరీలు ఆ తర్వాత పడవల్లోకి రావడంతో చిక్కు తలకిందులైంది. ఈ బ్యాటరీ ఎంత కరెంటిచ్చినా తీసుకుంటుంది, కాలిపోయేది ఆల్టర్నేటరే. అందుకే దాని ఒంటికి ఉష్ణోగ్రత సెన్సర్ బిగించి, వేడెక్కితే ఫీల్డు తగ్గేలా పెడతారు. బ్యాటరీని కాచే బీఎంఎస్ (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్) ఉన్నట్టుండి లైను తెంపితే వోల్టేజీ ఎగిసి డయోడ్లు పేలిపోవచ్చు. కాబట్టి బీఎంఎస్ ముందుగా రెగ్యులేటర్‌కు కబురు పంపి, ఫీల్డు ఆగాకే బ్యాటరీని విడదీసేలా వైరింగ్ చేయాలి.