దారిలో పంక్చరు

1888లో బెల్‌ఫాస్టు నగరమున డన్‌లప్ కల్పించిన గాలిటైరు చక్రమునకు జిగురుతో అంటియుండెను. చిల్లుపడినచో బాగుచేయుటకు గంటలు పట్టెడిది. 1891లో మిషెలిన్ సోదరులు ఊడదీయుటకు వీలగు టైరును తెచ్చిన పిదపనే సైకిలువారికి దారిలో మరమ్మతు సులభమైనది.

మోటారుసైకిలు చిక్కు వేరు. తొలినాళ్ల బండ్లకు తోలుబెల్టు ఉండుటచే వెనుకచక్రమును విప్పుట పెద్దపని. అందుచే రెండు కొసలును మూసియున్న, పామువంటి ట్యూబు వాడుకలోనికి వచ్చెను. చక్రమును విప్పకయే పాతదానిని లాగివేసి, కొత్తదానిని చుట్టి, గాలి కొట్టుకొనవచ్చును. అదియు లేనివారు టైరులో గడ్డి కూరి మెల్లగా ఊరు చేరెడివారు. వినుటకు నవ్వు వచ్చును గాని, చీకటి పడుచుండగా నిర్జనమైన బాటలో అంతకు మించిన ఉపాయము మాకును తోచదు.

ఇంగ్లండునకును ఐర్లండునకును నడుమనున్న మాన్ ద్వీపమున 1907లో తొలి టి.టి. పందెము జరిగెను. నార్టన్ బండిపై పోవుచున్న రెమ్ ఫౌలర్ టైరు పగిలెను. ఆయన ఆగి, తన చేతులతోనే సరిచేసికొని, మరల బయలుదేరి రెండు సిలిండర్ల తరగతిలో గెలిచెను. దూరము సుమారు 158 మైళ్లు. సగటు వేగము గంటకు 36 మైళ్లు. రోడ్డుప్రక్కన ఆయన టైరుతో పెనుగులాడిన నిమిషములును ఆ సగటులో చేరియే యున్నవి.