పట్టుకాయ ఏ ఎత్తున కాస్తుంది?

సముద్రమట్టం నుంచి లెక్కేస్తే జనగామ దాదాపు 380 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కణ్నుంచి తూర్పుకూ ఈశాన్యానికీ పోతే నేల వాలుతుంది. మహబూబాబాద్, భూపాలపల్లి 200 మీటర్లకు కాస్త అటూఇటూ. కాళేశ్వరం దాపున గోదావరిని ఆనుకున్న మహదేవపూర్ ఇంకా పల్లం. వానకొండల మీద రెక్కల పురుగుల్ని లెక్కపెట్టే శాస్త్రజ్ఞులకు ఇదొక ఎత్తే కాదు. అయినా ఈ వాలుకూ దసలి (టస్సర్) పట్టు చరిత్రకూ గట్టి లంకె ఉంది. అయితే అది మనం అనుకునే దిశలో లేదు. దసలి కాయ నిలదొక్కుకున్నది పైనున్న జనగామలో కాదు, అడుగునున్న మహదేవపూర్‌లో.

ఎత్తును బట్టి పురుగు నడత మారడం నిజమే. దసలి పురుగే సాక్ష్యం. ఒడిశాలోని సిమిలిపాల్ కొండల్లో 600 మీటర్ల పైన దొరికే మోడల్ రకానికి ఏడాదికి ఒక్క తరమే. నడిమి ఎత్తుల్లోని నలియాకు రెండు, అడుగున ఉండే బోగైకి మూడు. జాతి మాత్రం ఒకటే. మన ఆంధ్రా లోకల్ కూడా పల్లపు రకమే, తొలకరికి మొదలై చలికాలం దాకా పంట మీద పంట ఇస్తుంది. ఆఖరి పంట కాయలో పురుగు ఎండాకాలమంతా ముడుచుకుని పడుకుని, వానలకు బయటికొస్తుంది. అలా వచ్చిన రెక్కల పురుగుకు తినే నోరుండదు. జతకట్టి, గుడ్లు పెట్టి, కొన్నాళ్లకే చస్తుంది. గుడ్లు పగిలే వేళకు మద్ది చెట్టు లేతాకుతో సిద్ధంగా లేకుంటే ఆ ఏటి పంట పోయినట్టే. అంటే పురుగు చూసేది మీటర్లను కాదు, వాననూ ఆకునూ. ఈక్వడార్ ఆండీస్‌లో 1,040 నుంచి 2,677 మీటర్ల దాకా రెక్కల పురుగుల కోసం వెతికినవాళ్లు వెన్ను వంచి నడిచే గొంగళ్ల కుటుంబంలోనే 1,010 జాతుల్ని పట్టుకున్నారు. పైకి పోయినకొద్దీ వైవిధ్యం తగ్గలేదని 2003లో తేల్చారు. అక్కడ పైకెక్కినా అడవి తడిగానే ఉంటుంది. మన దగ్గర పైకెక్కితే మెట్ట వస్తుంది.

జనగామలో అడవి పోయింది ఎత్తు వల్ల కాదు, నాగలి వల్ల అని ఎవరైనా అనొచ్చు. సగం ఒప్పుకుంటాను. కానీ గోదావరి దాపుకూ జనగామకూ వానలో ఉన్న తేడా నాగలి కంటే పాతది. పురుగు సంగతి పక్కనపెట్టండి, పట్టు పుట్టేది మగ్గం ఉన్నచోట అనేది రెండో అభ్యంతరం. మగ్గాలకు జనగామ వైపు కరువెక్కడ? కొడకండ్ల నేత ఊరే. మగ్గం ఎక్కడైనా ఆడుతుంది, నూలు బండెక్కి వస్తుంది. దసలి పురుగు అలా కాదు. అది ఆరుబయట చెట్టుమీదే పెరగాలి. ఒక కొమ్మ ఆకు అయిపోతే రైతు పురుగులతో సహా రెమ్మ కోసి పక్క చెట్టుకు మారుస్తాడు. చీమా, కందిరీగా, పిట్టా అన్నీ దానికి శత్రువులే. సామర్లకోటలో చాలాకాలం పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు రాక్స్‌బర్గ్ తర్వాత బెంగాల్ దసలి మీద రాసి 1804లో అచ్చయిన వ్యాసంలోనూ ఇదే కనిపిస్తుంది: పగలు కాకుల్ని, రాత్రి గబ్బిలాల్ని తోలుతూ కాపలా.

నా వాదనకు నిజంగా అడ్డొచ్చేది మహబూబాబాద్. గూడూరు, బయ్యారం అడవుల్లో మద్దికి కొదవ లేదు, ఎత్తూ జనగామ కంటే తక్కువే. అయినా మహదేవపూర్‌కు వచ్చినంత దసలి పేరు వాటికి రాలేదు. కాబట్టి వానా చెట్టూ కలిసి పురుగుకు చోటిస్తాయే తప్ప వృత్తిని పుట్టించవు. చెట్టుకింద వారాల తరబడి వడిసెల పట్టుకుని కూర్చునే ఇళ్లు, కాయ కొనే బేరగాడు, ఆ గట్టి కాయను ఉడికించి దారం తీయడం తెలిసిన చేతులు ఒక్కచోట కుదరాలి. గోదావరికి ఇటు మహదేవపూర్‌లో, అటు చెన్నూరులో అవి కుదిరాయి.