టిప్పు: దక్షిణా, జీతమా?

మా రాయ్‌పూర్‌కు సముద్రం లేదు. అయినా రైల్లో ఒక్క రాత్రి ప్రయాణం చేస్తే విశాఖ. 2022 జూన్‌లో అక్కడి నుంచి కార్డీలియా వారి ఎంప్రెస్ అనే విహార నౌక చెన్నై వైపు నడిచినప్పటి నుంచీ ఇక్కడి తెలుగు మిత్రులు నన్ను ఒకటే అడుగుతున్నారు: "ఓడలో టిప్పు ఎంత ఇవ్వాలండీ?"

ఎంత అన్నది తరువాత. ముందు ఎందుకు అని అడగాలి కదా! దక్షిణ ఎందుకని పురోహితుణ్ణి నిలదీసే మనం ఈ ఆచారాన్ని మాత్రం ఊరికే ఎందుకు వదిలేయాలి?

మొదట ఒక పుక్కిటి పురాణం సంగతి తేలుద్దాం. లండన్ కాఫీ హోటల్లో ఒక పెట్టె ఉండేదట. దానిమీద "టు ఇన్ష్యూర్ ప్రాంప్ట్‌నెస్" అని రాసి ఉండేదట. వాటి మొదటి అక్షరాలే టిప్ అయ్యాయట. డాక్టర్ జాన్సన్ వెళ్లే హోటలే అదని కూడా చెబుతారు. జాన్సన్ పుట్టింది 1709లో. 1707 నాటి ఫార్కర్ నాటకంలోనే ఈ మాట ఇదే అర్థంలో ఉంది. పైగా మొదటి అక్షరాలు కలిపి మాటలు చేసే అలవాటు ఇరవయ్యో శతాబ్దంలోగాని పెరగలేదు. అసలు టిప్ అంటే పాత ఇంగ్లీషు దొంగల భాషలో 'ఇచ్చెయ్' అని.

మన మాటలు ఇంకా నిజాయితీగా ఉన్నాయి. బక్షీస్ పారసీ మాట, అంటే కానుక. మామూలు అరబీ మాట, అంటే వాడుక. కానుక వాడుకగా మారడమే టిప్పు చరిత్ర.

ఆ మార్పు అమెరికా రైళ్లలో స్పష్టంగా కనబడుతుంది. 1867లో పెట్టిన పుల్‌మన్ కంపెనీ తన పడక పెట్టెల్లో, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లను పోర్టర్లుగా పెట్టుకుంది. జీతం తక్కువ, మిగతాది ప్రయాణికుల దయ. వాళ్లు 1925లో యూనియన్ పెట్టుకుంటే 1937లోగాని ఒప్పందం కుదరలేదు. వాషింగ్టన్ రాష్ట్రం 1909లో టిప్పును నిషేధించి, 1913లో ఆ చట్టాన్ని రద్దు చేసుకుంది. 1966లో కేంద్ర చట్టమే టిప్పును కనీస వేతనంలో లెక్కవేసుకోనిచ్చింది. టిప్పు వచ్చే పనివారికి యజమాని ఇవ్వాల్సిన కేంద్ర కనీసం 1991 నుంచీ గంటకు 2.13 డాలర్లే.

ఓడల్లోనూ ఇదే కథ. చాలా విహార నౌకలు బహామాస్, పనామా వంటి దేశాల్లో నమోదవుతాయి. అందువల్ల ప్రయాణికుడి దేశపు వేతన చట్టం సాధారణంగా వాటిని తాకదు. 2013లో అమల్లోకి వచ్చి, 2015లో భారత్ ఆమోదించిన నావికుల ఒప్పందం ప్రకారం పని రోజుకు 14 గంటలు, వారానికి 72 గంటలు మించరాదు. హద్దే అది! పెద్ద అమెరికన్ కంపెనీలు తలకు రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు టిప్పు పేరిట బిల్లులోనే వేస్తాయి. బ్రిటన్‌కు చెందిన పీ అండ్ ఓ క్రూయిజెస్ మాత్రం 2019లో దాన్ని ఎత్తేసి టికెట్ ధరలోనే కలిపింది. అంటే కుదరనిదేమీ కాదన్నమాట.

రక్షణ శాఖ లెక్కల్లో జీవితం గడిపినవాణ్ణి. ఏ రూపాయిని ఏ పద్దు కింద రాయాలన్నదే మాకు మొదటి ప్రశ్న. 2016లో మన సుప్రీంకోర్టు ఐటీసీ హోటళ్ల కేసులో దీన్ని తేల్చింది: టిప్పు ఇచ్చేది అతిథి, యజమాని కాదు, కనుక అది జీతం కాదు. యజమాని దగ్గర దాన్ని హక్కుగా అడగడానికీ లేదు. హోటళ్లు బిల్లులో సర్వీస్ చార్జి తమంతట తాము కలపరాదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది.

కాబట్టి మిత్రులకు నా సలహా ఇది. టికెట్ కొనేముందే సేవా రుసుము అందులో ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. బిల్లులో పడితే అది ధర. మళ్లీ ఇవ్వాల్సిన పనిలేదు. పడకపోతే, గది తుడిచినవారికీ వడ్డించినవారికీ మీ చేత్తో ఇవ్వండి. కంపెనీ మీద కోపంతో వాళ్లకు ఎగ్గొట్టకండి. ఆ నష్టం కంపెనీకి తగలదు. ఇచ్చేటప్పుడు మాత్రం దాత ననుకోకండి. కంపెనీ ఇవ్వాల్సిన జీతంలో మీ వంతు కడుతున్నారు, అంతే.