కృష్ణవేణి గారికి ఒక్క లైనేనా?

సి. కృష్ణవేణి గారు 2025 ఫిబ్రవరిలో పోయారు. నూరేళ్ళు నిండిన మనిషి. నేను చూసిన వార్తలన్నిట్లో ఒకటే ముక్క - ఎన్టీఆర్‌ని సినిమాల్లోకి తెచ్చిన నిర్మాత అని. అబద్ధం కాదు. కానీ ప్రాజెక్టంతా మోసినోడికి రిలీజు మెయిల్లో చివర్న ఒక్క లైను పడేసినట్టు అనిపించింది నాకు.

1936లో సి. పుల్లయ్య గారి 'సతీ అనసూయ'లో వేసేనాటికి ఆవిడకి పదకొండేళ్ళు. తర్వాత హీరోయిన్ అయ్యారు, శోభనాచల స్టూడియో అధిపతి మీర్జాపురం రాజా గారిని పెళ్ళి చేసుకున్నారు. 1947లో 'గొల్లభామ'కి ఆవిడే హీరోయిన్, అందులోనే అంజలీదేవి పరిచయం. రెండేళ్ళు తిరిగేసరికి 'కీలుగుర్రం'లో ఆ అంజలికి పాటలు పాడింది ఎవరనుకున్నారు? ఈవిడే! తన పక్కన కొత్తగా వచ్చిన అమ్మాయికి గొంతివ్వడం ఎంతమంది హీరోయిన్లు చేస్తారు చెప్పండి?

ఇక 1949లోనే వచ్చిన 'మన దేశం'. శరత్ 'విప్రదాస్' నవల ఆధారంగా తీశారు, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్, సంగీతం ఘంటసాల. హీరో నారాయణరావు. ఎన్టీఆర్‌ది చిన్న పోలీసు వేషం. డబ్బు పెట్టిందీ, హీరోయిన్‌గా వేసిందీ కృష్ణవేణి గారే. అప్పటికి ఆవిడకి పాతికేళ్ళు కూడా నిండలేదు. (ఆ వయసులో నేను బగ్గులు ఫిక్స్ చేసుకుంటున్నా, అది వేరే సంగతి.)

ఈసారి 'మన దేశం' చూస్తే మాత్రం, ఎన్టీఆర్ వచ్చేదాకా ఫార్వర్డ్ చేసెయ్యకండి. ఆవిడ సీన్లన్నీ అక్కడే పోతాయి.