డొమైన్ పేరు ఎవరి దగ్గర కొనాలి? కొనేముందు చూసుకోవాల్సినవి

మా వదిన డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటుంది. నాలుగేళ్లుగా చీరలు, లంగా ఓణీలు ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. కిందటేడు సరిగ్గా దసరా ముందు వెబ్‌సైట్ ఆగిపోయింది. ఆర్డర్లు వచ్చే ఈమెయిల్ కూడా ఆ డొమైన్ మీదే ఉండటంతో అదీ పోయింది. ఆరా తీస్తే, సైట్ చేసిపెట్టిన కుర్రాడు డొమైన్‌ను తన అకౌంట్లో, తన పేరు మీదే కొన్నాడని తెలిసింది. గడువు తీరుతోందన్న మెయిళ్లన్నీ అతను ఎప్పుడో వాడటం మానేసిన ఐడీకి వెళ్లాయి. కంపెనీకి ఫోన్ చేస్తే "ఓనర్ మీరు కాదు కదా" అన్నారు. అతన్ని హైదరాబాద్‌లో వెతికి పట్టుకుని, ఫీజు కట్టి విడిపించుకునేసరికి మూడు వారాలు పట్టింది. పండగ బేరం మొత్తం పోయింది. మనవాళ్లలో చాలామంది చిన్న వ్యాపారాలు పెడుతున్నారు కాబట్టి, అప్పుడు నేను తెలుసుకున్నవి రాస్తున్నాను.

ముందు వ్యవస్థ సంగతి. డొమైన్ పేర్లను పర్యవేక్షించేది 1998లో కాలిఫోర్నియాలో ఏర్పడిన ఐకాన్ అనే సంస్థ. డాట్ కామ్ పేర్ల అసలు రిజిస్టర్ వెరిసైన్ దగ్గర ఉంటుంది. మనకు అమ్మే కంపెనీలు రిజిస్ట్రార్లు. ఎవరి దగ్గర కొన్నా సరుకు ఒకటే. తేడా అంతా ధరలో, సర్వీసులో, భద్రతలో ఉంటుంది.

1. గుర్తింపు: ఐకాన్ వెబ్‌సైట్‌లో గుర్తింపు పొందిన రిజిస్ట్రార్ల జాబితా ఉంటుంది. కంపెనీ పేరు అందులో ఉందో లేదో చూడండి. కస్టమర్లు నానా అవస్థలు పడ్డాక, 2007లో ఐకాన్ రిజిస్టర్‌ఫ్లై గుర్తింపు రద్దు చేసి, పేర్లను గోడాడీకి మార్పించింది.

2. రెన్యువల్ ధర: మొదటి ఏడాది ఆఫర్ చూసి మోసపోవద్దు. రెండో ఏడాది నుంచి ఎంతో ముందే చూడండి. ఒకేసారి 10 ఏళ్ల వరకు కట్టుకోవచ్చు.

3. ప్రైవసీ: ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ బయటపడకుండా ఉచితంగా దాచే కంపెనీని ఎంచుకోండి. డాట్ యూఎస్ పేర్లకు ఈ సౌకర్యం అనుమతించరు. ఇంటి నుంచే వ్యాపారం చేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

4. భద్రత: టూ స్టెప్ లాగిన్, ట్రాన్స్‌ఫర్ లాక్ రెండూ ఉండాలి. రెండూ ఆన్ చేసి ఉంచండి.

5. బయటికి వెళ్లే దారి: కంపెనీ నచ్చకపోతే ట్రాన్స్‌ఫర్ కోడ్ అడిగి వేరే చోటికి మారవచ్చు. అడిగిన 5 రోజుల్లో ఇవ్వాలన్నది ఐకాన్ నియమం. కొత్తగా కొన్న పేరును మాత్రం 60 రోజుల వరకు మార్చడం కుదరదు. పెద్ద కంపెనీ అయినా ఎప్పటికీ ఉంటుందన్న భరోసా లేదు. గూగుల్ డొమైన్స్‌ను 2023లో స్క్వేర్‌స్పేస్ కొనేసింది.

ఇక గడువు సంగతి. గడువుకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి రిజిస్ట్రార్ గుర్తుచేయాలి. డాట్ కామ్ గడువు దాటాక కంపెనీని బట్టి 45 రోజుల వరకు మామూలుగా రెన్యూ చేసుకునే వీలుండొచ్చు. కంపెనీ ఆ పేరును తొలగించాక ఇంకో 30 రోజులు రిడెంప్షన్. అందులో మామూలు ధరకు ఎన్నో రెట్లు వసూలు చేస్తారు. ఆ తర్వాత 5 రోజులకు పేరు ఎవరైనా కొనుక్కోవచ్చు. మరిచిపోవడం మనకే కాదు, 1999లో మైక్రోసాఫ్ట్ కూడా పాస్‌పోర్ట్ డాట్ కామ్ రెన్యువల్ మరిచిపోయింది. హాట్‌మెయిల్ వాడేవాళ్లు ఇబ్బంది పడితే, బయటి ప్రోగ్రామర్ ఒకరు 35 డాలర్లు కట్టి ఆదుకున్నారు.

పోస్టులో బిల్లులా కనిపించే రెన్యువల్ ఉత్తరాలు వస్తే డబ్బు పంపకండి. మీ రిజిస్ట్రార్ సైట్‌లోకి నేరుగా వెళ్లి చూసుకోండి.

సైట్ ఎవరు చేసినా ఫరవాలేదు, డొమైన్ మాత్రం మీ అకౌంట్లో, మీ పేరు మీదో మీ ఎల్‌ఎల్‌సీ పేరు మీదో ఉండాలి. ఆ అకౌంట్‌కు ఇచ్చే ఈమెయిల్ అదే డొమైన్‌ది కాకుండా విడిగా ఉండాలి. ఆటో రెన్యువల్ పెట్టి, కార్డు గడువు కూడా చూసుకోండి. ఇప్పటికే వ్యాపారం ఉన్నవాళ్లు ఈ రాత్రే ఒకసారి లాగిన్ అయి, ఓనర్ పేరు ఎవరిదో చూడండి. ఐదు నిమిషాల పని. మా వదిన ఆ ఐదు నిమిషాలు ముందే పెట్టి ఉంటే దసరా దక్కేది.