గాజు, పలుగు, భరిణె: దిగువ కృష్ణా డెల్టాలో గాజుమణుల నగల సంరక్షణ – ఒక చారిత్రక పరిశీలన

తెలుగులో ‘గాజు’ అనే మాటకు రెండర్థాలు. ఒకటి పదార్థం, రెండవది ముంజేతి ఆభరణం. సంస్కృత ‘కాచ’ శబ్దానికి ఇది వికృతి. పదార్థం పేరే ఆభరణానికి పేరుగా స్థిరపడిందంటే, ఒకనాడు ముంజేతికి గాజే ప్రధానమైన అలంకారమని భావించవచ్చు. ‘బంగారు గాజులు’ అన్నప్పుడు ఆ మాటలో ఉన్న వైరుధ్యం నేడెవరికీ తట్టదు. అదే గాజు రత్నశాస్త్ర గ్రంథాల్లోకి వచ్చేసరికి నకిలీకి పర్యాయపదమవుతుంది. ముంజేతి మీద మంగళద్రవ్యంగానూ పరీక్షకుని ముందు దోషిగానూ నిలిచిన ఈ పదార్థాన్ని జనం ఎలా శుభ్రపరచుకున్నారు, ఎలా దాచుకున్నారు అన్న ప్రశ్న మన సాంఘిక చరిత్రలో అంతగా చర్చకు రాలేదు. బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలను ఆధారం చేసుకొని ఆ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

గాజు అనగానే మనకు కొలిమి స్ఫురిస్తుంది. కానీ ప్రకృతిలో పుట్టిన గాజు కూడా ఉంది. అగ్నిపర్వతపు లావా స్ఫటికీకరణం చెందే వ్యవధి లేకుండా చల్లారితే ఆబ్సిడియన్ ఏర్పడుతుంది. సుమారు కోటిన్నర సంవత్సరాల క్రితం ఐరోపాలో సంభవించిన ఉల్కాపాతపు తాకిడికి కరిగిన నేల ఆకుపచ్చని మోల్డవైట్‌గా గడ్డకట్టింది. లిబియా ఎడారి ఇసుకలో పసుపుపచ్చని గాజు దొరుకుతుంది. 1922లో బయల్పడిన టుటన్‌ఖామున్ సమాధిలోని ఒక వక్షాభరణపు నడిమి పురుగుబొమ్మను చాలాకాలం వేరొక రాయిగా భావించారు. అది ఆ ఎడారి గాజేనని 1990 దశకంలో గాని తేలలేదు. కృష్ణ ఒండ్రుమట్టిలో ఇవేవీ పుట్టవు. అయినా కొలిమిలో పుట్టినా కొండలో పుట్టినా గాజు స్వభావం ఒక్కటే. దానికి స్ఫటికాల అమరిక లేదు, పెళుసుతనం ఎక్కువ, మోస్ కాఠిన్యమానంలో దాని స్థానం 5, 6 అంకెల మధ్య. అందువల్ల ఒకదాని సంరక్షణకు చెప్పిన మాట రెండవదానికీ వర్తిస్తుంది.

ఈ ప్రాంతానికి గాజుతో ఉన్న పరిచయం ప్రాచీనమైనది. గుడివాడ పట్టణ మధ్యంలో బౌద్ధస్తూపావశేషాలున్నాయి. పడమట ఉన్న పాటిదిబ్బలో లోహం, రాయి, స్ఫటికం, గాజులతో చేసిన రకరకాల పూసలు, మట్టిపాత్రలు, ఆంధ్రరాజుల నాణేలు దొరికినట్లు 20వ శతాబ్దపు తొలినాళ్ళ ఇంపీరియల్ గెజిటీర్ తెలుపుతుంది. అలెగ్జాండర్ రే 1894లో వెలువరించిన గ్రంథంలో భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాల వివరణ ఒకేచోట లభిస్తుంది. ఘంటసాలను టాలమీ పేర్కొన్న ‘కొంటకోస్సిల’గా, నాగార్జునకొండ శాసనంలోని ‘కంటకసేల’గా చరిత్రకారులు గుర్తించారు. క్రీ.శ. 1వ శతాబ్ది నాటి ‘పెరిప్లస్’ మసాలియా తీరపు సన్నని వస్త్రాలను ప్రస్తావించింది. అదే గ్రంథం పడమటి రేవులకు ముడిగాజు దిగుమతి అయ్యేదని కూడా చెబుతుంది. దిగుమతి చేసుకొన్న దేశంలో గాజు చులకన వస్తువుగా ఉండి ఉండదన్నది నా అభిప్రాయం. గుడివాడ దిబ్బలో గాజుపూసలు రాతిపూసల సరసనే దొరకడం కూడా దీనికి అనుకూలమైన సూచనే.

ఇక దాచుకొనే పాత్రల సంగతి. కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న భట్టిప్రోలులో 1892లో బయల్పడిన ధాతుపాత్రల మీది శాసనాల్లో ‘మజుస’, ‘ఫాళిగ సముగ’ అనే మాటలున్నాయి. మొదటిది మంజూష, రెండవది స్ఫటిక సముద్గం, అంటే పలుగురాతి భరిణె. రాతిపెట్టెలో భరిణె, భరిణెలో ధాతువు, దానితోపాటు బంగారుపూలు, ముత్యాలు, పూసలు. ఇలా పొర లోపల పొరగా దాచడం భక్తిభావంతో చేసిన పనే. అయినా వస్తుసంరక్షణ దృష్టితో చూస్తే ఇంతకంటె మేలైన పద్ధతి లేదు. ఈ మాటల తెలుగు సంతతి ఆసక్తికరమైనది. ‘మందసము’ను ‘మంజూష’కు వికృతిగా నిఘంటువులు చూపుతాయి. ‘ఫాళిగ’కూ మన ‘పలుగురాయి’కీ, తమిళంలోని ‘పళింగు’కూ ఉన్న ధ్వనిసామ్యం భాషాచరిత్రకారులు పరిశీలించదగినది. పలుగు, గాజు అనే రెండు మాటలూ ప్రాకృతం మీదుగా తెలుగులోకి వచ్చి ఉంటే, ఆ రెండు పదార్థాలూ ఒకే వర్తకమార్గంలో ఇక్కడికి చేరాయని ఊహించడానికి కొంత ఆస్కారముంది. దీన్ని ఊహగానే ప్రతిపాదిస్తున్నాను.

రత్నశాస్త్రం గాజును ఎట్లా చూసిందో గమనించాలి. కౌటిల్యుని అర్థశాస్త్రం రెండవ అధికరణంలో ‘కోశప్రవేశ్య రత్నపరీక్ష’ పేరిట ఒక అధ్యాయమే ఉంది. కోశంలోకి ప్రవేశించడానికి ఏది అర్హమో తేల్చడం దాని పని. గరుడపురాణంలోని రత్నపరీక్షాధ్యాయాల్లో ఇంద్రనీలాన్ని పోలి ఉండే విజాతుల పట్టికలో కాచం కనిపిస్తుంది. గురుత్వం, కాఠిన్యం అనే రెండు గుణాలతో అసలును నకిలీ నుంచి విడదీయమని అక్కడి బోధ. అంటే గాజు తేలిక, మెత్తన. పరీక్షకునికి ఇది దోషం. నగ పెట్టుకొనే ఇల్లాలికి మాత్రం ఇది దోషం కాదు, జాగ్రత్తకు హేతువు. మెత్తనిది గీసుకుపోతుందని తెలిసినవారు దాన్ని వేరుగా దాచాలి. శాస్త్రం అంతవరకు వెళ్ళలేదు. కోశంలోకి రానిదానికి కోశాధ్యక్షుడు పెట్టె ఎందుకు చేయిస్తాడు?

ఈ మెత్తదనం ఆచరణలో ఎలా పరిణమిస్తుందో చెప్పుకోవాలి. పలుగురాయి కాఠిన్యం 7. వీధి దుమ్ములో, సముద్రతీరపు ఇసుకలో ఉండే రేణువుల్లో అధికభాగం పలుగే. దుమ్ము పట్టిన గాజుమణిని పొడిగుడ్డతో రుద్దితే ఆ రేణువులు దానిమీద సన్నని గీతలు గీస్తాయి. గీతలు పెరిగినకొద్దీ మణి కాంతి తగ్గుతుంది. ‘రాయి పాతబడింది’ అంటారు గాని నిజానికి అది అరిగింది. కనుక ముందు దుమ్మును ఊదాలి, లేదా మెత్తని కుంచెతో విదల్చాలి, ఆ తరువాతనే తడిగుడ్డ. ఇదే కారణంచేత పలుగు, కెంపు, నీలం వంటి గట్టిరాళ్ళ నగలతో గాజునగలను ఒకే భరిణెలో పోయకూడదు. భట్టిప్రోలు భరిణెలో అన్నీ కలిసే ఉన్నాయి, నిజమే. అయితే వాటిని ఎవరూ రోజూ తీసి పెట్టలేదు.

మన ఇళ్ళలోని గాజునగల్లో అతిముఖ్యమైనవి నల్లపూసలు. ఇవి అధికంగా నల్లగాజుతో చేసినవే. వివాహవిధిలో వాటికి ప్రత్యేకస్థానముంది. వాటి విలువను గురుత్వకాఠిన్యాలతో ఎవరూ పరీక్షించరు. గాజును నకిలీగా చూసే శాస్త్రదృష్టికి ఇంతకంటె బలమైన ప్రత్యుత్తరం లేదు. పూసల తయారీకి సంబంధించి ఎర్పేడు దగ్గరి పాపానాయుడుపేటను ఇక్కడ పేర్కొనాలి. కొలిమిలోని గాజును పొడవైన సన్నని గొట్టాలుగా సాగదీసి, చిన్నముక్కలుగా తరిగి, బూడిదతో కలిపి మళ్ళీ వేడిచేసి అంచులు గుండ్రం చేసే పద్ధతి అక్కడ మిగిలి ఉండగా పూసల చరిత్రకారుడు పీటర్ ఫ్రాన్సిస్ పరిశీలించాడు. అరికమేడు తవ్వకాల్లో దొరికిన ప్రాచీన పూసల నిర్మాణమూ ఇదే. ఇలాంటి పూసకు బెజ్జపు అంచే బలహీనమైన చోటు. దారంతో గుచ్చినప్పుడు పూసకు పూసే ఒరుసుకుంటుంది. బంగారు తీగతో గుచ్చినప్పుడు తీగ కొస బెజ్జాన్ని కొరుకుతుంది. చెమట, పసుపు, నూనె బెజ్జంలో చేరి గట్టిపడితే దారం తెగేవరకు పైకి కనబడదు. తాడు తెగకముందే మార్చుకోవాలన్న పెద్దల పట్టుదల ఆచారంగా కనిపించినా అది వస్తువు స్వభావం తెలిసినవారి మాట.

రెండవ ముఖ్యస్థానం చిలకలపూడిది. పాండురంగస్వామి ఆలయంతోపాటు ఈ బందరు శివారుకు పేరు తెచ్చినవి కవరింగ్ నగలు. రోల్డుగోల్డు, గిల్టు అనే పేర్లతో ఇవి తెలుగునాడంతటా తిరిగాయి. ఇటీవలి కాలంలో పోతేపల్లి జ్యూయలరీ పార్కులోకి కూడా ఈ పని విస్తరించింది. రాగి మొదలైన లోహాల మీద పలుచని బంగారుపూత, కెంపు పచ్చల స్థానంలో రంగుగాజు – స్థూలంగా ఇదీ నిర్మాణం. పెళ్ళికి బంగారం కొనలేని కుటుంబాలు తలదించుకోకుండా చేసిన నగలివి. వాటిని ‘నకిలీ’ అని కొట్టివేసే రచనలు ఆ సంగతిని పట్టించుకోవు.

ఇలాంటి నగల్లో గాజుమణి ఒంటరి వస్తువు కాదు. చాలావాటిలో రాయి వెనుక తళుకురేకు ఉంటుంది, దాన్ని లక్కగాని అంటుడుపదార్థంగాని పట్టి ఉంచుతుంది, వెనుకవైపు మూసి ఉంటుంది. మణికి కనబడే కాంతి సగం ఆ రేకుదే. ఇక్కడే మన ఇంటివైద్యం ఎదురుతిరుగుతుంది. ముద్దబంగారానికి కుంకుడురసంలో నానబెట్టడం మంచి పద్ధతే. మూసిన కట్టడపు రాళ్ళనగను అలా నానబెడితే నీరు రాయి అంచునుంచి లోనికి దిగి రేకును నల్లబరుస్తుంది. చింతపండు, నిమ్మరసం పూతను తింటాయి, కింది రాగి చిలుము పడుతుంది. వేడినీళ్ళు లక్కను కరిగిస్తాయి. అంతేకాక ఆకస్మికమైన ఉష్ణోగ్రతాభేదానికి గాజు లోలోపల పగులుతుంది. బంగారానికి పుట్టిన పద్ధతిని గాజుకు వాడటంవల్లనే పాతనగలు ఎక్కువగా పాడైనట్లు నాకు తోస్తుంది.

దిగువ డెల్టాలో వీటన్నిటికీ తోడు ఉప్పుగాలి, తేమ. గాజులో సోడా, పొటాష్ వంటి క్షారాలుంటాయి. గాలిలోని తేమ పైపొరలోని క్షారాన్ని క్రమంగా లాగివేస్తుంది. కూర్పు సరిగా లేని గాజు మొదట జిడ్డుగా తోస్తుంది, తరువాత మసకబారుతుంది, చివరకు సాలెగూడు వంటి పగుళ్ళు వస్తాయి. సంగ్రహాలయాల్లో దీన్ని ‘గాజు జబ్బు’గా వ్యవహరిస్తారు. తడినేలలో చిరకాలం ఉండిన పూసల మీద ఇంద్రధనుస్సు రంగుల పొర ఏర్పడుతుంది. అది మురికి అని భ్రమించి రుద్దితే పొరలు పొరలుగా రాలిపోయేది పూసే. వేగంగా ఎండబెట్టినా అదే ఫలితం. ఇలాంటి గాజును ఉంచే గదిలో తేమ నూటికి 40 ప్రాంతంలో, ముఖ్యంగా హెచ్చుతగ్గులు లేకుండా ఉండాలని సంరక్షణశాస్త్రజ్ఞులు కోరుతారు. బందరులో ఆరుబయట అంత పొడిగాలి దొరకడం అరుదు. కనుక మూతగట్టిగా ఉన్న డబ్బా, అందులో తేమపీల్చే సిలికాజెల్ పొట్లం, ఆ పొట్లాన్ని అప్పుడప్పుడు మార్చడం అవసరమవుతాయి. కొయ్యపెట్టె కంటికి ఇంపే గాని కొన్ని కొయ్యలు ఆమ్లవాయువులను విడుస్తాయి. లోపల నూలుగుడ్డ పరచడం మేలు.

1864 నవంబరు 1 నాటి ఉప్పెన బందరులో సుమారు 30 వేలమందిని పొట్టనబెట్టుకుంది. 1977 నవంబరు 19 నాటిది దివిసీమను ఊడ్చివేసింది. ప్రాణాల లెక్క ముందు నగల ముచ్చట అల్పమే. అయినా బతికినవారికి మిగిలిన కొద్దిపాటి వస్తువుల్లో నగలపెట్టె ఒకటి. మా అమ్మమ్మ పెట్టె ఆ ఏడు ఉప్పుబురదలోంచి దొరికింది. ఆనవాలుగా మిగిలిన ఎర్రరాళ్ళ కమ్మలను ఆమె మరుగునీళ్ళలో కుంకుడుకాయ వేసి కడిగిందట. రాళ్ళు ఒక్కటీ ఊడలేదు. అన్నీ నల్లబడ్డాయి. అవి చెడ్డది ఉప్పెనవల్లనేనని ఆమె నమ్మకం. ఉప్పునీటి పాలు ఎంతో, మరుగునీటి పాలు ఎంతో ఈనాడు విడదీయలేం. ఆ బురదను మామూలు మంచినీటితో జారవిడిచి, నీడన ఆరబెట్టి ఉంటే కొన్నయినా నిలిచేవేమో.

సాహిత్యం ఈ విషయంలో మనకు సగమే సహకరిస్తుంది. వాత్స్యాయనుని చతుష్షష్టికళల్లో రూప్యరత్నపరీక్ష ఉంది, మణిరాగాకరజ్ఞానం ఉంది. రంగు వేయడమూ పరీక్షించడమూ కళలయ్యాయి. తుడవడం, దాచడం కళలు కాలేదు. తెలుగులో హంసవింశతి, శుకసప్తతి కావ్యాలు సాంఘికచరిత్రకు గనులని సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) నిరూపించింది. ఇలాంటి కావ్యాల్లో నగల పేర్లు వరుసగా దొరుకుతాయి. ఆ నగలను రాత్రి విప్పి ఎక్కడ పెట్టారన్నది కవికి అవసరపడలేదు. ఆ జ్ఞానం స్త్రీల నోట, చేతివాటంలో నడిచింది. అందువల్ల ఈ అంశానికి ఆధారాలను కావ్యాలకంటె నిఘంటువుల్లో, ఇళ్ళలో వెదకవలసి ఉంటుంది. భరిణె, మందసం, సందుగ, బోషాణం – పాత్ర పరిమాణాన్నిబట్టి మాట మారుతుంది. భరిణెలో పట్టేది ఒక్కరి నగ, బోషాణంలో పట్టేది ఇంటి సొత్తు. నగలకొట్లలో నేటికీ వాడే గులాబిరంగు పలుచని కాగితం కూడా ఈ వరుసలో చేర్చదగినదే. ఒక్కో నగకు ఒక్కో పొట్లం కట్టడంవల్ల రాయికి రాయి తగలదు. అయితే ఆ కాగితం తడిస్తే రంగు దిగుతుంది, తేమ ఉన్నచోట దాన్ని తెల్లకాగితంతో మార్చాలి.

మా ఇంట నేను చేసినది ఇంతమాత్రమే. నల్లపూసలను గోరువెచ్చని నీటిలో ముంచిన మెత్తని నూలుగుడ్డతో ఒక్కొక్కటిగా తుడిచి, దారం మార్పించి, బల్లపరుపుగా ఒక డబ్బాలో ఉంచాను. వేలాడదీస్తే బరువంతా పైపూసల బెజ్జాలమీద పడుతుంది. నల్లబడిన కమ్మలను మళ్ళీ కడగలేదు. రేకు మార్పిస్తే మెరుస్తాయని కంసాలి చెప్పాడు. అమ్మమ్మ వద్దన్నది. వాటిని వేరే పొట్లంలో, 1977 అని కాగితం మీద రాసి పెట్టించింది.